టీచర్ గారూ, ఒక డౌటు: ఈ నెల మాట ‘రన్’

‘రన్’ మీద సందేహాలుంటే రాయండి అని పోయిన సంచికలో అడిగాను. రన్ అంటే పరుగు, ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు, దీనికెవరు రాస్తారండీ అన్నారు మా సంపాదకులు. ఇప్పుడు ఆయనే ఉత్తరాల కట్ట నా ముందు పెట్టి, పేజీ సరిపోదు, కొన్ని తీసెయ్యండి అంటున్నారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలోనే ఉన్నాయి కదా, పైకి చదవండి. కళ్లతో చదివిన ఇంగ్లీషు నోటికి రాదు.

రుషికొండ దగ్గర ఒక కంపెనీలో ఈమధ్యే చేరాను మేడమ్. మొదటి వారంలోనే మా మేనేజరు ‘వియ్ ఆర్ రన్నింగ్ లేట్. రన్ మీ త్రూ ది నంబర్స్, దెన్ రన్ ఇట్ బై ది క్లయింట్’ అన్నారు. ఒక్క ఊపిరిలో మూడు రన్‌లు! తల ఊపేసి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. టెన్షన్‌తో చెయ్యి ఆడలేదు.
(మధురవాడ నుంచి ఒక పాఠకురాలు)

ఆ మూడింట్లో ఎక్కడా కాళ్లకు పని లేదు తల్లీ. ‘రన్నింగ్ లేట్’ అంటే అనుకున్న టైముకి వెనకబడ్డాం అని. ‘రన్ మీ త్రూ’ అంటే మొదటినుంచి చివరిదాకా ఒకసారి గబగబా చెప్పు అని. లోతుకు పోనక్కర్లేదు. ‘రన్ ఇట్ బై ది క్లయింట్’ అంటే వాళ్ల చెవిన వేసి, ఏమంటారో కనుక్కో అని. మన ‘చెవిన వెయ్యడం’ దీనికి అతికినట్టు సరిపోతుంది.

మాటల వరస మాత్రం మార్చకండి. ‘రన్ మీ త్రూ ది నంబర్స్’ అన్నప్పుడు ఆ నంబర్లు చివర ఉండాల్సిందే. అవి లేకుండా ‘హి ర్యాన్ హిమ్ త్రూ’ అని ఆపేస్తే, కత్తి ఇటు గుచ్చి అటు తేలేలా పొడిచాడని పాత ఇంగ్లీషు కథల్లో అర్థం. మేనేజర్ మీద ఎంత కోపమున్నా మెయిల్‌లో అది రాకూడదు. ఇంకో అలవాటు కూడా మానండి. ‘ఐ యామ్ రన్నింగ్ బిహైండ్ హిమ్ ఫర్ ది అప్రూవల్’ అని మన ఆఫీసుల్లో తెగ వాడతారు. ‘వాడి వెనక తిరుగుతున్నాను’ అన్న మన మాటకి అది ఇంగ్లీషు చొక్కా. పరాయి దేశం క్లయింటుకి మాత్రం మీరు నిజంగానే ఒకాయన వెనక పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది. ‘ఐ యామ్ చేజింగ్ హిమ్ ఫర్ ది అప్రూవల్’ అనండి.

అర్థాలన్నీ బట్టీ పట్టాలా అని మీతోపాటు చాలామంది అడిగారు. ఆ పని పెట్టుకోకండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద్దు ‘సెట్’ది. ఆ తర్వాత కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ‘రన్’ ముందు కూర్చున్నారు. సుమారు తొమ్మిది నెలలకి, ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు తేల్చి లేచారు. యంత్రాలు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. వచ్చినవన్నీ ‘రన్’ అవుతూనే వచ్చాయి.

నేను క్లాసులో చెప్పే కిటుకు వేరే. ఇంగ్లీషులో రన్ కనబడగానే పరుగు అనుకోకుండా, అదే సంగతి మన ఇంట్లో ఎలా చెప్పుకుంటామో చూడండి. హోటల్ నడుస్తుంది. సినిమా ఆడుతుంది. ముక్కు కారుతుంది. కాలవ పారుతుంది. వాళ్లు అన్నిటినీ పరిగెత్తిస్తారు, మనం దేని పని దానికి అప్పజెప్పాం. అందుకే ‘రన్’కి తెలుగులో ఒక్క మాట అడిగినవాళ్లకి నేను జవాబు రాయను.

అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాను టీచర్ గారూ. రన్నింగ్ స్టాఫ్, రన్నింగ్ అలవెన్స్, రన్నింగ్ రూమ్ అని వస్తున్నాయి. రన్నింగ్ రూమ్ అంటే పరుగు పందెం టెస్టు పెట్టే చోటు అనుకున్నాను. మా ఫ్రెండ్స్ ఇప్పటికీ నవ్వుతున్నారు.
(కంచరపాలెం నుంచి ఒక విద్యార్థి)

దీనికి మా ఇంట్లోనే నిపుణుడున్నారు బాబూ. మా ఆయన వాల్తేరు డివిజన్‌లో గూడ్సు బళ్లు నడిపి రిటైరయ్యారు. ఎక్కువ భాగం కె.కె. లైనే, అంటే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కిందికి దించే లైను. ఆయన్ని అడిగే రాస్తున్నాను.

కదిలే బండి మీద డ్యూటీ చేసేవాళ్లు రన్నింగ్ స్టాఫ్. లోకో పైలట్లు, వాళ్ల అసిస్టెంట్లు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్లని పేరు మారిన గార్డులు. స్టేషన్ మాస్టరు ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత పరిగెత్తినా రన్నింగ్ స్టాఫ్ కాడు. రన్నింగ్ అలవెన్స్ వాళ్లు నడిపిన కిలోమీటర్లని బట్టి లెక్క కట్టేది. ఇక రన్నింగ్ రూమ్ అంటే, అవతలి చివర బండి అప్పగించాక మళ్లీ డ్యూటీకి పిలుపు వచ్చేదాకా ఇంత తిని పడుకునే చోటు. అక్కడ పరుగు మాట దేవుడెరుగు, గట్టిగా దగ్గినా పక్క మంచం వాడు ఊరుకోడట.

మా కాపురం కొత్తలో డ్యూటీకి పిలవడానికి క్వార్టర్సుకి కాల్ బాయ్ వచ్చేవాడు. పేరుకి బాయ్, మనిషికి యాభై దాటి ఉంటాయి. ఏ అర్ధరాత్రో సైకిలు గోడకానించి, గేటు గొళ్లెం టకటకలాడించి, టార్చి వెలుగులో పుస్తకం తెరిచి సంతకం పెట్టించుకునేవాడు. మా ఆయన డ్యూటీకి పట్టుకెళ్లే లైన్ బాక్సు సర్దుకుంటుంటే నేను క్యారేజీ కట్టేదాన్ని. పొద్దున్న కాలేజీలో ‘రన్ అంటే పరుగు’ అని పాఠం చెప్పి వచ్చేదాన్ని. రెండో రోజు ఈయన వచ్చి, రన్నింగ్ రూమ్‌లో హాయిగా నిద్ర పట్టిందోయ్ అనేవారు.

మీ పరీక్షకి పనికొచ్చే తేడా ఒకటి. ‘ది ఇంజిన్ ఈజ్ రన్నింగ్’ అంటే ఇంజిన్ పని చేస్తోందని మాత్రమే అర్థం. బండి సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నా ఆ మాట తప్పు కాదు. కదులుతోందని చెప్పాలంటే ‘మూవింగ్’ అనాలి. మన ఊళ్లో కండక్టర్లు ‘రన్నింగ్‌లో దిగకండి’ అంటారు చూశారూ, అది మనకి మనకి సరిపోయే ఇంగ్లీషు. బయటివాళ్లు ‘మూవింగ్ బస్’ అంటారు. వాళ్ల లెక్కలో ‘ది బస్ ఈజ్ నాట్ రన్నింగ్ టుడే’ అంటే ఈరోజు ఆ సర్వీసు లేదని.

ఈసారి స్టేషన్‌కి వెళ్లినప్పుడు మైకు వినండి. ఇంగ్లీషులో బండి ‘రన్నింగ్ లేట్’. తెలుగులో అదే బండి ‘ఆలస్యముగా నడుచుచున్నది’. ఆలస్యమయ్యే బండికి మన మాటే న్యాయంగా ఉందని మా ఆయన అభిప్రాయం.

నేను డాబా గార్డెన్స్‌లో చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను మేడం. మొన్న నేవీ వాళ్ల ఇంటావిడ, ఉత్తరాది వారు, ఒక కాటన్ చీర చూసి ‘విల్ ఇట్ రన్?’ అని అడిగారు. నేను సంతోషంగా ‘యెస్ మేడం, రన్నింగ్ బ్లౌజ్’ అన్నాను. ఆవిడ చీర కింద పెట్టి వెళ్లిపోయారు. ఏటి తప్పయింది?
(అల్లిపురం నుంచి ఒక పాఠకురాలు)

అయ్యో తల్లీ. ఆవిడ అడిగింది రంగు దిగుతుందా అని. మీరు ‘దిగుతుంది మేడం, జాకెట్టుతో సహా’ అన్నట్టయింది.

తడిసినప్పుడు రంగు పాకితే ఇంగ్లీషులో ‘ది కలర్ రన్స్’ అంటారు. అలాంటి చోట చెప్పాల్సింది ‘నో మేడం, ది కలర్ వోంట్ రన్’ అని. మీ రన్నింగ్ బ్లౌజు సంగతి వేరు. చీర అంచునే తెగకుండా అదే గుడ్డలో సాగుతుంది కాబట్టి ఆ పేరు. ఈ ‘తెగకుండా’ అన్న అర్థం పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. మీ షాపులోనే మీటర్ల లెక్కన కోసి ఇచ్చే రన్నింగ్ మెటీరియల్ ఉంది. టైలరు వేసే రన్నింగ్ స్టిచ్ ఉంది. కాలేజీలో లెక్చరర్ చెప్తూ పోతుంటే రాసుకునే రన్నింగ్ నోట్సు, రేడియోలో రన్నింగ్ కామెంటరీ కూడా ఆ కోవే. వంటింటి గట్టుకి గ్రానైటు వేసే మేస్త్రీ రన్నింగ్ ఫీటుకి ఇంత అంటాడు. అంటే వెడల్పు వదిలేసి పొడవు ఒక్కటే కొలుస్తాడు. బేరం కుదుర్చుకునే ముందు ఆయన చెప్పింది రన్నింగ్ ఫీటా, చదరపు అడుగా అని రెండుసార్లు అడగండి. ఇది ఇంగ్లీషు పాఠం కాదు, డబ్బు పాఠం.

ఈ అర్థంలోనే ‘ఇట్ రెయిన్డ్ ఫర్ త్రీ డేస్ రన్నింగ్’ అంటారు. వాన మూడు రోజులు వరసగా కురిసింది, అంతే. ‘రన్నింగ్’ రోజుల తర్వాత రావడం కొత్తగా ఉంటుంది, అలవాటు చేసుకోండి.

మా బాబుకి జ్వరమొస్తే లీవ్ లెటర్‌లో ‘ఫీవర్ ఈజ్ రన్నింగ్ ఇన్ మై సన్’ అని రాశాను. క్లాస్ టీచర్ ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టి పంపారు.
(ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మ)

జ్వరం పరిగెత్తదు, పిల్లాడే దాన్ని ‘రన్’ చేస్తాడు. ‘మై సన్ ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్.’ ‘హి హాజ్ ఎ ఫీవర్’ అని రాస్తే ఇంకా సుఖం. లీవ్ లెటర్లో తప్పు దిద్దడం కన్నా పిల్లాడెలా ఉన్నాడని అడిగుంటే బాగుండేది, అది వేరే మాట. విరేచనాలకి ‘ది రన్స్’ అనే మాట ఒకటుంది. ఇంట్లో నవ్వుకోవడానికే తప్ప స్కూలుకి రాయకండి. ‘లూజ్ మోషన్స్’ మన డాక్టర్లందరికీ అర్థమవుతుంది. విదేశంలో డాక్టరు దగ్గర మాత్రం ‘డయేరియా’ అనండి.

రన్ అవుట్, రన్ అవుట్ ఆఫ్, రన్ షార్ట్, రన్ లో. వంటింటి సామాన్లకి ఏది ఎప్పుడు వాడాలి?
(గోపాలపట్నం నుంచి ఒక గృహిణి)

వాక్యం దేనితో మొదలైందో చూడండి. వస్తువుతో మొదలైతే ‘ది మిల్క్ ర్యాన్ అవుట్’, పాలు అయిపోయాయి. మనుషులతో మొదలైతే మధ్యలో ‘ఆఫ్’ ఉండి తీరాలి, ‘వియ్ ర్యాన్ అవుట్ ఆఫ్ మిల్క్’. ఆ ‘ఆఫ్’ మింగేసి ‘వియ్ ర్యాన్ అవుట్’ అంటే మేమంతా బయటికి పరిగెత్తాం అని. ‘రన్నింగ్ లో’ అంటే అడుగంటుతోంది, ఇవాళో రేపో తేవాలి. ‘రన్నింగ్ షార్ట్’ అంటే ఉంది కానీ అందరికీ చాలదు.

ఇక్కడ తెలుగు చేసిన పని ఇంగ్లీషు చెయ్యలేదు. మా అత్తగారు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, సోల రేకు అడుగుకి తగిలి గరగరమన్నా, ‘బియ్యం లేవు’ అనేవారు కాదు. ‘బియ్యం నిండుకున్నాయి, సాయంత్రం తెప్పించు’ అనేవారు. లేవు అన్న మాట ఇంట్లో పలకకూడదని, ఖాళీ అయినదాన్ని నిండిందనే చెప్పడం. దీపం ఆరితే ఆరిందనరు, కొండెక్కింది అంటారు. ఇంట్లోంచి బయల్దేరేవాడు వెళ్తాననడు, వెళ్లొస్తానంటాడు. ఒకసారి పరీక్షలో ‘మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి’ అని అనువాదానికిచ్చాను. సగం క్లాసు ‘రైస్ ఈజ్ ఫుల్ ఇన్ అవర్ హౌస్’ అని రాసింది. ఆ పిల్లలకి మార్కు వెయ్యనూలేక, కొట్టెయ్యనూలేక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వాళ్లకి రాంది ఇంగ్లీషు కాదు.

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ ఓడ ‘ఎం.వి. మా’ తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చింది కదా. ఇంగ్లీషు పేపర్లో ‘ర్యాన్ అగ్రౌండ్’ అని రాశారు. గాలికి కొట్టుకొచ్చినదాన్ని పరిగెత్తింది అంటారా? మా నాన్న అయితే ‘ఓడ గట్టెక్కేసింది’ అన్నాడు.
(పెదజాలారిపేట నుంచి డిగ్రీ విద్యార్థిని)

మంచి ప్రశ్న. అంతకన్నా మీ నాన్నగారి మాట నాకు నచ్చింది. మనిషి గట్టెక్కితే కష్టం తీరినట్టు, ఓడ గట్టెక్కితే కష్టం మొదలైనట్టు.

ఇలాంటి చోట రన్‌లో వేగం లేదు. పక్కనున్న మాట చెప్పే స్థితికి చేరింది అని మాత్రమే అర్థం. ‘ర్యాన్ అగ్రౌండ్’ అంటే అడుగు నేలకి తగిలి ఓడ చిక్కుబడింది. ‘ది వెల్ ర్యాన్ డ్రై’ అంటే బావి ఎండిపోయింది. పిల్లలు ‘రన్ వైల్డ్’ అయితే అదుపు తప్పారు. ‘ర్యాన్’ తీసేసి ‘బికేమ్’ పెట్టి చూడండి, ఇంచుమించు అర్థమైపోతుంది. ఇంకా గమనించారా, ఇలా రన్ చేరేవన్నీ దాదాపు చెడ్డ స్థితులే. ‘ర్యాన్ హ్యాపీ’ అని ఎవరూ అనరు.

మా మనవడు అమెరికాలో పుట్టాడమ్మా. ఎన్నికల్లో ‘హి ఈజ్ స్టాండింగ్’ అన్నానని తాతా తప్పు, ‘రన్నింగ్’ అనాలి అంటాడు. ఇంకొకటి. మా ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. కరిగిన ఇనుము బయటికొచ్చే కాలవని రన్నర్ అంటాం. పారేది ఇనుము, పేరు కాలవకా?
(ఉక్కునగరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

నమస్కారం మాస్టారూ. మీ ఇద్దరిదీ ఒప్పే. అమెరికాలో అభ్యర్థి పరిగెత్తుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మనవాళ్లూ ‘ఫలానాయన నిలబడ్డాడు’ అనే అంటారు. ఈ ఒక్కచోట తెలుగూ, బ్రిటిష్ ఇంగ్లీషూ ఒకే మాట మీదున్నాయి. మనవడికి ఇది చదివి వినిపించండి, కాస్త గట్టిగానే.

రన్నర్ విషయంలో, పరిగెత్తేవాడితోపాటు ఏదైనా పారడానికో జారడానికో దారిచ్చేదానికీ ఆ పేరుంది. మంచు మీద జారే స్లెడ్జి బండి కింది పట్టీలు కూడా రన్నర్లే. టేబుల్ మీద పొడుగ్గా పరిచే గుడ్డా రన్నరే, అది ఎక్కడికీ కదలకపోయినా.

మా స్కూల్ టీంలో రనౌట్ అయ్యాను. ‘ఐ రన్ అవుట్’ అని డైరీలో రాస్తే అక్క నవ్వింది. రన్, ర్యాన్, రన్ ఎప్పుడేది వాడాలి? పరిగెత్తకపోయినా రన్ అని ఎందుకంటారు?
(పీఎం పాలెం నుంచి, తొమ్మిదో తరగతి)

నిన్ను వాళ్లు అవుట్ చేశారు కాబట్టి ‘ఐ వాజ్ రన్ అవుట్’. రోజూ చేసేది రన్, నిన్న చేసింది ర్యాన్. ‘హ్యావ్, హ్యాజ్, హ్యాడ్’ తర్వాతా, ‘వాజ్’ లాంటి వాటి తర్వాతా మళ్లీ రన్. ‘డిడ్’ పక్కన ఎప్పుడూ రన్నే, ‘డిడ్ నాట్ ర్యాన్’ అని రాస్తే సున్నా. ‘రన్నెడ్’ అని ఏదీ లేదు.

రెండో ప్రశ్నకి జవాబు మీ ఇంటి పక్క స్టేడియంలోనే ఉంది. 2005 ఏప్రిల్ 5న అక్కడ పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. అందులో ఫోర్లు 15, సిక్సర్లు 4. అవి ఎంతో కూడు, 84 వస్తుంది. అంటే వికెట్ల మధ్య పరిగెత్తి తెచ్చినవి 64 మాత్రమే. ఆట పుట్టినప్పుడు పరిగెత్తితేనే లెక్క పెట్టేవారు, తర్వాత బంతి గీత దాటినా ఆ పేరే ఉండిపోయింది. మన పేపర్లూ దాన్ని ‘పరుగులు’ అనే రాస్తున్నాయి. నువ్వు మాత్రం ఈసారి అవతలివాడు ‘నో’ అంటే వెనక్కి తిరుగు.

వచ్చే నెల మాట ‘టేక్’. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నే పంపండి, వాక్యం ఎక్కడ విన్నారో కూడా రాయండి.